బరువు తగ్గినకొద్దీ తగ్గే శక్తివ్యయం: ఆహార నియంత్రణకు, నడకకు స్థూలకాయ దేహం సర్దుకునే తీరు

వ్యాస సంగ్రహం

స్థూలకాయులు ఆహారం తగ్గించి నడక మొదలుపెట్టిన తొలినెలల్లో బరువు తగ్గడం, ఆ తరువాత తగ్గుదల నిలిచిపోవడం సర్వసాధారణం. ఈ నిలుపుదలకు మనోదౌర్బల్యమే కారణమని కొందరు, జీవక్రియ శాశ్వతంగా దెబ్బతినడమే కారణమని మరికొందరు భావిస్తారు. బరువుతోపాటు దేహపు శక్తివ్యయం ఎలా తగ్గుతుందో, అందులో లెక్కకు అందే భాగం ఏదో, లెక్కకు మించిన భాగం ఏదో, నడకకయ్యే ఖర్చు ఎందుకు తగ్గుతుందో, వీటన్నిటికన్నా ఆకలి పాత్ర ఎంత పెద్దదో వివరించి, పై రెండు అభిప్రాయాలూ సరికావని ఈ వ్యాసం నిరూపిస్తుంది.

కీలక పదాలు: స్థూలకాయం, శక్తివ్యయం, మూల జీవక్రియా రేటు, జీవక్రియా సర్దుబాటు, నడక, లెప్టిన్, ఆకలి.

1. ఉపోద్ఘాతం

తక్కువ తినడం, ఎక్కువ నడవడం అన్నవి స్థూలకాయానికి తరచు వినిపించే రెండు సలహాలు. ఈ సలహా వెనుక దేహాన్ని ఒక ఖాతా పుస్తకంగా చూసే దృష్టి ఉంది. జమ తగ్గించి ఖర్చు పెంచితే నిల్వ అదే నిష్పత్తిలో తరుగుతూ పోతుందని ఈ దృష్టి భావిస్తుంది. శక్తి నిత్యత్వ నియమం దేహానికీ వర్తిస్తుంది కనుక ఈ భావనలో మౌలికమైన తప్పు లేదు. అయితే ఖాతా పుస్తకంలో జమ తగ్గినంత మాత్రాన ఖర్చు తనంతట తాను తగ్గదు. దేహంలో తగ్గుతుంది. జమ, ఖర్చు ఒకదానిపై ఒకటి ఆధారపడి మారడమే ఈ విషయంలోని చిక్కు.

ఈ చిక్కును గుర్తించకపోవడం వల్ల జరిగే హాని చిన్నది కాదు. ఆరు నెలలపాటు నియమం పాటించి, ఆ తరువాత బరువు కదలక నిలిచిపోయిన వ్యక్తిని ఇంట్లోవారూ, కొన్నిసార్లు వైద్యులూ అనుమానించడం కద్దు. దొంగచాటుగా తింటున్నారన్న మాట పడినవారు ప్రయత్నాన్ని విరమించుకుంటారు. 2019–21లో జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 36.3 శాతం, తెలంగాణలో 30.1 శాతం మహిళల దేహ ద్రవ్యరాశి సూచిక 25 లేదా అంతకన్నా ఎక్కువగా ఉంది. ఇంతమందికి సంబంధించిన విషయంలో నింద ఎక్కడ చెల్లదో తెలుసుకోవడం అవసరం.

వాడుకలో కేలరీ అనేది శాస్త్రపరిభాషలో కిలోకేలరీ. ఈ వ్యాసంలో కేలరీ అన్నచోటల్లా కిలోకేలరీ అనే గ్రహించాలి.

2. దేహ శక్తివ్యయం – భాగాలు

రోజువారీ శక్తివ్యయాన్ని శాస్త్రవేత్తలు మూడు భాగాలుగా విభజిస్తారు. మొదటిది మూల జీవక్రియా రేటు. పూర్తి విశ్రాంతిలో, ఆహారం జీర్ణమైపోయిన స్థితిలో గుండె, మెదడు, కాలేయం, మూత్రపిండాలు మొదలైన అవయవాలు పనిచేస్తూ ఉండడానికి అయ్యే ఖర్చు ఇది. ఎక్కువ కదలికలేని జీవితం గడిపేవారిలో మొత్తం వ్యయంలో సగానికి పైగా ఇదే ఉంటుంది. రెండవది తిన్న ఆహారాన్ని జీర్ణం చేసుకోవడానికీ, నిల్వ చేయడానికీ అయ్యే ఖర్చు; ఇది సుమారు పదోవంతు. మూడవది కదలికలకయ్యే ఖర్చు. ఇందులో వ్యాయామంతోపాటు ఇంటిపనులు, నిలబడడం, కూర్చున్నచోట కాళ్లూ చేతులూ కదల్చడం కూడా చేరతాయి.

ఈ మూడూ కలిసిన మొత్తాన్ని సాధారణ జీవనంలో కొలవడానికి నేడు ప్రామాణికమైన పద్ధతిలో భార హైడ్రోజన్, భార ఆక్సిజన్‌లతో గుర్తుపెట్టిన నీటిని తాగిస్తారు. ఆ రెండూ దేహం నుండి ఏ వేగంతో వెలువడుతున్నాయో మూత్ర నమూనాల ద్వారా గుర్తించి, వెలువడిన కార్బన్ డయాక్సైడ్‌ను లెక్కించి, ఒకటి రెండు వారాల సగటు వ్యయాన్ని తేలుస్తారు. నేథన్ లిఫ్సన్ బృందం 1955లో జంతువులపై ప్రకటించిన ఈ పద్ధతిని 1982లో డేల్ షెల్లర్ మానవులకు అన్వయించాడు. మనుషులు తమ ఆహారం, వ్యాయామం గురించి చెప్పే లెక్కలపై ఆధారపడకుండా వాస్తవ వ్యయాన్ని తెలుసుకునే వీలు దీనివల్లనే కలిగింది.

3. లెక్కకు అందే తగ్గుదల, లెక్కకు మించిన తగ్గుదల

బరువు తగ్గితే వ్యయం తగ్గడంలో వింత లేదు. చిన్న దేహాన్ని పోషించడానికి తక్కువ శక్తి చాలు. ఈ సహజమైన తగ్గుదలను ముందుగా లెక్కించిన తరువాతే అదనపు సర్దుబాటు గురించి మాట్లాడాలి.

భారతీయ వైద్య పరిశోధనా మండలి 2010 నివేదికలో ఇచ్చిన సూత్రాన్ని ఇందుకు ఉదాహరణగా తీసుకోవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అనుసరించిన సూత్రాలు భారతీయుల మూల జీవక్రియా రేటును కొంత ఎక్కువగా చూపుతున్నందున, వాటికన్నా 5 శాతం తక్కువగా ఉండేలా ఈ సూత్రాలను రూపొందించారు. 30 నుండి 60 ఏళ్ల మహిళలకు కిలోలలో బరువును 8.3తో గుణించి, 788 కలపాలి. 45 ఏళ్ల వయసు, 80 కిలోల బరువు గల మహిళకు ఈ లెక్కన 1,452 కేలరీలు వస్తాయి. ఆమె 8 కిలోలు తగ్గి 72 కిలోలకు చేరితే 1,386 వస్తుంది. అంటే 66 కేలరీల తగ్గుదల ముందే ఊహించదగినది.

అదే మహిళ మూల జీవక్రియా రేటును పరికరంతో కొలిచినప్పుడు 1,330 వచ్చిందనుకుందాం. అప్పుడు మిగిలిన 56 కేలరీల తగ్గుదలను దేహ పరిమాణంతో వివరించలేము. ఇటువంటి అదనపు తగ్గుదలనే జీవక్రియా సర్దుబాటు అంటారు. సూత్రాలు జనసమూహపు సగటులు మాత్రమే కనుక ఒక వ్యక్తి విషయంలో ఈ తేడాను కచ్చితంగా చెప్పడం కష్టం. అందువల్లనే పరిశోధకులు బరువుకు బదులు కొవ్వునూ, కండరాలు, అవయవాలతో కూడిన కొవ్వేతర దేహభాగాన్నీ విడివిడిగా కొలిచి సమీకరణాలు కడతారు.

4. పరిశోధనలు చూపిన సాక్ష్యం

ఈ రంగంలో తొలి ప్రసిద్ధ ప్రయోగం మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ 1944–45లో నిర్వహించినది. యుద్ధంలో పాల్గొనడానికి మనస్సాక్షి అంగీకరించని 36 మంది యువకులు ఇందులో స్వచ్ఛందంగా పాల్గొన్నారు. 24 వారాలపాటు రోజుకు సుమారు 1,570 కేలరీల ఆహారం తీసుకుంటూ, వారానికి 22 మైళ్లు, అంటే సుమారు 35 కిలోమీటర్లు నడిచారు. బరువులో దాదాపు నాలుగోవంతు కోల్పోయారు. మూల జీవక్రియా రేటు సుమారు 40 శాతం పడిపోయింది. ఇందులో అధికభాగం కణజాల నష్టం వల్ల కలిగినదే అయినా, కొంతభాగం మాత్రం మిగిలిన కణజాలమే తన ఖర్చును తగ్గించుకోవడం వల్ల కలిగింది. ఆ యువకులు స్థూలకాయులు కారు. కాబట్టి అదే స్థాయి తగ్గుదలను స్థూలకాయులకు నేరుగా ఆపాదించరాదు.

స్థూలకాయుల విషయాన్ని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో లీబెల్, రోజెన్‌బామ్, హిర్ష్ పరిశీలించి 1995లో ప్రకటించారు. పరిశోధనాలయంలోనే వసతి కల్పించి, కొలిచిన ద్రవాహారం ఇచ్చి, 10 శాతం బరువు తగ్గించి, ఆ బరువు వద్ద స్థిరంగా నిలిపి కొలిచారు. స్థూలకాయులలో కొవ్వేతర దేహభాగం ప్రతి కిలోకూ రోజుకు సగటున 8 కేలరీల చొప్పున మొత్తం వ్యయం తగ్గింది. స్థూలకాయులు కానివారిలో 6 కేలరీలు తగ్గింది. బరువు 10 శాతం పెంచినప్పుడు ఇదే స్థాయిలో వ్యయం పెరిగింది. దేహం మార్పును రెండువైపులా ప్రతిఘటిస్తుందని దీనివల్ల తేలింది.

సామాన్య ప్రజలలో ఎక్కువ సంచలనం కలిగించినది 2016లో వెలువడిన అధ్యయనం. అమెరికాలో ‘ది బిగ్గెస్ట్ లూజర్’ అనే టెలివిజన్ పోటీలో పాల్గొన్న 14 మందిని కెవిన్ హాల్ బృందం ఆరేళ్ల తరువాత పరీక్షించింది. పోటీ జరిగిన 30 వారాలలో వారు సగటున 58 కిలోలు తగ్గారు. ఆరేళ్లలో 41 కిలోలు తిరిగి పెరిగారు. అయినా వారి విశ్రాంత వ్యయం దేహ పరిమాణాన్ని బట్టి ఉండవలసినదానికన్నా రోజుకు దాదాపు 500 కేలరీలు తక్కువగానే ఉంది. డైటింగ్ వల్ల జీవక్రియ శాశ్వతంగా చెడిపోతుందన్న ప్రచారానికి ఇదే ఆధారమైంది.

అయితే అదే అధ్యయనంలో మరొక విషయం ఉంది. ఆరేళ్ల తరువాత కూడా బరువు తగ్గి నిలిచినవారిలోనే జీవక్రియ ఎక్కువగా నెమ్మదించింది. నెమ్మదించడమే బరువు పెరగడానికి కారణమైతే ఫలితం తారుమారుగా ఉండాలి. 2022లో కెవిన్ హాల్ ఈ ఫలితాలను పునఃపరిశీలించి, దీర్ఘకాలం కొనసాగించిన అధిక వ్యాయామానికి దేహం చేసుకున్న సర్దుబాటుగా దీనిని అర్థం చేసుకోవచ్చని ప్రతిపాదించాడు.

అలబామా విశ్వవిద్యాలయపు బర్మింగ్‌హామ్ ప్రాంగణంలో కాటియా మార్టిన్స్, గ్యారీ హంటర్ తదితరులు చేసిన అధ్యయనాలు మరింత సాధారణమైన పరిస్థితిని చూపుతాయి. సుమారు 12 కిలోలు తగ్గిన మహిళలను బరువు స్థిరపడిన తరువాత కొలిచినప్పుడు అదనపు తగ్గుదల సగటున రోజుకు 50 కేలరీలకు కాస్త పైన మాత్రమే ఉంది. తరువాతి రెండేళ్లలో ఎవరు ఎంత బరువు పెరిగారన్నదానితో దీనికి సంబంధం కనిపించలేదు. ఆహారం తగ్గిస్తున్న దశలోనే కొలిస్తే సర్దుబాటు పెద్దదిగా కనిపిస్తుంది. కొన్ని వారాలు స్థిరంగా ఉంచి కొలిస్తే చిన్నదవుతుంది. పరిశోధనల మధ్య కనిపించే వైరుధ్యాలలో కొంతభాగం ఈ కొలత సమయపు తేడా వల్లనే ఏర్పడింది.

5. సర్దుబాటు వెనుక ఉన్న సంకేతాలు

దేహంలోని కొవ్వు నిల్వ ఎంత ఉందో మెదడుకు తెలిపే ముఖ్య సంకేతం లెప్టిన్ అనే హార్మోన్. రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలోనే జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం 1994లో దీని జన్యువును కనుగొంది. కొవ్వు కణాలు దీనిని స్రవిస్తాయి. ఆహారం తగ్గించినప్పుడు కొవ్వు కరిగినదానికన్నా వేగంగా లెప్టిన్ పడిపోతుంది. హైపోథాలమస్ దీనిని కరవుకు సూచనగా గ్రహిస్తుంది. ఫలితంగా సహానుభూత నాడీవ్యవస్థ చురుకుదనం తగ్గుతుంది, క్రియాశీలమైన థైరాయిడ్ హార్మోన్ కొంత తగ్గుతుంది, ఆకలి పెరుగుతుంది. బరువు తగ్గిన వారికి లెప్టిన్‌ను స్వల్పమోతాదులో ఇచ్చి పూర్వస్థాయికి తెచ్చినప్పుడు ఈ మార్పులు చాలావరకు వెనక్కి మళ్లాయని రోజెన్‌బామ్ బృందం 2005లో చూపింది. కాబట్టి ఈ సర్దుబాటును జీవక్రియకు తగిలిన గాయంగా కాక, కొవ్వు నిల్వ తగ్గిందన్న వార్తకు దేహమిచ్చే జవాబుగా భావించడం సమంజసం.

6. నడకకయ్యే ఖర్చు

సమతలంపై మామూలు వేగంతో నడిచినప్పుడు విశ్రాంతి ఖర్చును మినహాయిస్తే, ప్రతి కిలో బరువుకు కిలోమీటరుకు సుమారు 0.5 కేలరీ ఖర్చవుతుంది. స్థూలకాయులలో ఇది పదోవంతు వరకు ఎక్కువగా ఉంటుందని కొలరాడో విశ్వవిద్యాలయంలో బ్రౌనింగ్, క్రామ్ 2005లో గుర్తించారు. పై ఉదాహరణలోని మహిళ రోజూ 4 కిలోమీటర్లు నడిస్తే 80 కిలోల బరువు వద్ద 160 కేలరీల వరకు ఖర్చవుతుంది. ఇది దాదాపు 30 గ్రాముల వేయించిన పల్లీలలో లభించే శక్తికి సమానం. 72 కిలోలకు చేరిన తరువాత అదే దారికి అయ్యే ఖర్చు 144 కేలరీలే. దారి మారలేదు, శ్రమ తగ్గలేదు. మోసిన బరువు తగ్గింది.

దీనికి తోడు కండరాల పనితీరు కూడా మారుతుంది. 10 శాతం బరువు తగ్గినవారు సైకిల్ తొక్కినప్పుడు అస్థి కండరాలు అదే పనిని తక్కువ శక్తితో చేశాయని రోజెన్‌బామ్ బృందం 2003లో చూపింది. తేలికపాటి శ్రమలో ఈ పొదుపు స్పష్టంగా కనబడింది. రోజువారీ కదలికలు చాలావరకు ఈ కోవకే చెందుతాయి.

మూడవ కారణం పరిహార ధోరణి. నడకకు ఖర్చయిన శక్తిలో కొంతభాగాన్ని దేహం మరొకచోట ఆదా చేసుకుంటుంది. టాంజానియాలో వేట, సేకరణలతో జీవించే హడ్జా ప్రజల మొత్తం శక్తివ్యయం, దేహ పరిమాణాన్ని లెక్కలోకి తీసుకున్నప్పుడు, పాశ్చాత్య నగరవాసుల వ్యయానికి భిన్నంగా లేదని హెర్మన్ పాంట్జర్ బృందం 2012లో ప్రకటించింది. 2021లో వెలువడిన మరొక విశ్లేషణ 1,754 మంది పెద్దల సమాచారాన్ని పరిశీలించి, కదలికలకు ఖర్చుచేసిన ప్రతి 100 కేలరీలలో సగటున 28 కేలరీలు ఇలా తిరిగి ఆదా అవుతున్నాయని అంచనా వేసింది. దేహంలో కొవ్వు ఎక్కువగా ఉన్నవారిలో ఈ పరిహారం దాదాపు సగానికి చేరింది. భిన్న వ్యక్తులను పోల్చి చేసిన విశ్లేషణ కనుక ఇందులో కార్యకారణ సంబంధాన్ని జాగ్రత్తగా నిర్ణయించవలసి ఉంది. నడక నుండి ఆశించినంత బరువు తగ్గకపోవడానికి మాత్రం ఇది ఒక వివరణ.

7. అసలు పెద్ద శక్తి – ఆకలి

రోజుకు 500 కేలరీలు తగ్గిస్తే వారానికి ఒక పౌను, అంటే సుమారు 450 గ్రాములు తగ్గుతారన్న లెక్క 1958 నాటి విష్నాఫ్‌స్కీ వ్యాసం నుండి ప్రచారంలోకి వచ్చింది. వ్యయం మారదని ఊహించడమే ఈ లెక్కలోని లోపం. కెవిన్ హాల్ బృందం 2011లో ప్రకటించిన గణిత నమూనా ప్రకారం ఒక కిలో బరువు శాశ్వతంగా తగ్గాలంటే రోజువారీ ఆహారంలో సుమారు 24 కేలరీలు శాశ్వతంగా తగ్గాలి. ఆ తగ్గుదలలో సగం మొదటి ఏడాదిలో, 95 శాతం మూడేళ్లలో వస్తుంది. రోజుకు 240 కేలరీలు తగ్గిస్తే పాత లెక్క మూడేళ్లలో 34 కిలోలు తగ్గుతారంటుంది. కొత్త నమూనా దాదాపు 10 కిలోలే అంటుంది.

ఇక్కడొక ప్రశ్న తలెత్తుతుంది. వ్యయం తగ్గడమొక్కటే కారణమైతే బరువు మూడేళ్లవరకు నెమ్మదిగా తగ్గుతూనే ఉండాలి. వాస్తవంలో ఆరు నెలల నుండి ఏడాది లోపే తగ్గుదల నిలిచిపోతోంది. ఈ వ్యత్యాసానికి సమాధానం తినే పరిమాణం క్రమంగా పెరగడంలో ఉంది.

పొలిడోరి, హాల్ తదితరులు 2016లో ప్రకటించిన అధ్యయనం దీనిని అంకెలలో చూపింది. మూత్రం ద్వారా చక్కెరను వెలువరించే మధుమేహ ఔషధం వాడినవారు తమకు తెలియకుండానే రోజూ కొంత శక్తిని కోల్పోయారు. 52 వారాల బరువు మార్పులను బట్టి వారి ఆహారాన్ని లెక్కించగా, తగ్గిన ప్రతి కిలోకు ఆకలి రోజుకు సుమారు 100 కేలరీల మేరకు పెరిగినట్లు తేలింది. శక్తివ్యయంలో తగ్గుదల ప్రతి కిలోకు 20 నుండి 30 కేలరీలు మాత్రమే. పై ఉదాహరణలోని మహిళకు దీనిని అన్వయిస్తే, 8 కిలోలు తగ్గినప్పుడు వ్యయం 160 నుండి 240 కేలరీలు తగ్గుతుంది. ఆకలి మాత్రం పూర్వంకన్నా 800 కేలరీలు అధికంగా తినమని ప్రేరేపిస్తుంది. ఆమె పూర్వం కన్నా తక్కువే తింటూ ఉండవచ్చు. కాని ఆ తక్కువను నిలబెట్టుకోవడానికి మొదటి నెలలో కన్నా ఎనిమిదో నెలలో ఎక్కువ నిగ్రహం కావాలి. ప్రయత్నం సడలకపోయినా ఫలితం సడలడం వెనుక ఉన్న కారణం ఇదే.

ఈ ఒత్తిడి త్వరగా సమసిపోదు. ఆస్ట్రేలియాలో సుమిత్రన్ బృందం 2011లో ప్రకటించిన అధ్యయనంలో, 10 వారాల కఠిన ఆహారనియమంతో బరువు తగ్గినవారిలో ఆకలిని పెంచే గ్రెలిన్ అధికంగా, లెప్టిన్ తక్కువగా ఉండడం ఏడాది తరువాత కూడా కొనసాగింది.

8. అన్వయం

పై విషయాలను బట్టి నడక వ్యర్థమని భావించడం పొరపాటు. బరువు తగ్గించడంలో ఆహారం పాత్ర పెద్దది; తగ్గిన బరువును నిలుపుకోవడంలో నడక పాత్ర పెద్దది. ‘ది బిగ్గెస్ట్ లూజర్’ పోటీదారులలో ఆరేళ్ల తరువాత బరువు నిలుపుకున్నవారు తమ శారీరక శ్రమను పూర్వంకన్నా 160 శాతం పెంచుకోగా, తిరిగి పెరిగినవారు 34 శాతమే పెంచుకున్నారు. కొలరాడోలో 2019లో ప్రకటించిన అధ్యయనంలోనూ తగ్గిన బరువును దీర్ఘకాలం నిలుపుకున్నవారు రోజుకు దాదాపు 12,000 అడుగులు వేశారు. పెరిగిన ఆకలికీ, తగ్గిన వ్యయానికీ మధ్య ఏర్పడిన అంతరాన్ని వారు ఆహారాన్ని మరింత కోసివేయడంతో కాక కదలికతో పూడ్చుకున్నారు. బరువు తగ్గినా తగ్గకపోయినా కండరాలు ఇన్సులిన్‌కు మెరుగ్గా స్పందించడం నడక ఇచ్చే ప్రత్యేక ప్రయోజనం.

భారతీయుల దేహనిర్మాణం ఈ చర్చకు మరొక కోణాన్ని చేరుస్తుంది. ఒకే దేహ ద్రవ్యరాశి సూచిక వద్ద ఐరోపావాసులకన్నా భారతీయులలో కొవ్వు ఎక్కువ, కండరం తక్కువ. ఈ కారణంగానే భారతీయులకు 25 నుండే స్థూలకాయంగా పరిగణించాలని 2009లో నిపుణులు నిర్ణయించారు. విశ్రాంత వ్యయంలో కొవ్వేతర దేహభాగానిదే ప్రధాన వాటా. మొదటే తక్కువగా ఉన్న కండరాన్ని డైటింగ్‌లో మరింత కోల్పోతే నష్టం రెట్టింపవుతుంది. అందువల్ల అన్నం తగ్గించడంతో సరిపెట్టక, పప్పులు, పెరుగు, గుడ్లు, చేపల వంటి మాంసకృత్తుల వనరులను నిలుపుకోవడం, నడకకు బరువులెత్తే వ్యాయామాన్ని జోడించడం ఇక్కడి వారికి మరింత ముఖ్యం.

9. ముగింపు

బరువు తగ్గిన దేహంలో మూడు మార్పులు ఏకకాలంలో జరుగుతాయి. పరిమాణం తగ్గినందువల్ల వ్యయం తగ్గుతుంది. సంకేతాల మార్పువల్ల వ్యయం మరికొంత తగ్గుతుంది. ఈ అదనపు భాగం వాస్తవమైనదే అయినా సాధారణంగా చిన్నది, బరువు స్థిరపడినప్పుడు మరింత చిన్నది. వీటికన్నా బలంగా ఆకలి పెరుగుతుంది. కాబట్టి జీవక్రియ చెడిపోయిందన్న భయానికి ఆధారం లేదు. మనోబలం లేదన్న నిందకూ ఆధారం లేదు.

చికిత్సను మొదలుపెట్టే రోజునే ఈ విషయాన్ని రోగికి చెప్పవలసి ఉంది. ఆరు నెలలకు తగ్గుదల నిలిచిపోతుందని ముందే తెలిసిన వ్యక్తి దానిని ఓటమిగా భావించక, తగ్గించే దశ ముగిసి నిలుపుకునే దశ మొదలైందని గ్రహిస్తాడు. 80 నుండి 72కు చేరిన మహిళ అక్కడే రెండేళ్లు నిలిచిందంటే, అదనంగా 800 కేలరీలు కోరే ఆకలిని ఆమె ప్రతిరోజూ అదుపు చేస్తున్నదని అర్థం. తూకపు యంత్రంపై కదలని ముల్లు ఆ శ్రమను చూపలేదు. దానిని గుర్తించి విలువ కట్టవలసిన బాధ్యత వైద్యులదీ, కుటుంబానిదీ.